కుమ్మిలో ప్రేక్షకులుండరు

మన పాఠశాలల వార్షికోత్సవములలో ప్రార్థనాగీతము, నివేదిక, బహుమతి ప్రదానము, ఒక నాటిక, వాని తరువాత "మన సంస్కృతి" అను పేర బాలికల కుమ్మి యొకటి జరుగుట పరిపాటియైనది. తల్లిదండ్రులు చూచి సంతోషించుచున్నారు. ఉపాధ్యాయినులు సాయంకాలములు శ్రమపడి నేర్పుచున్నారు. పట్టుపావడలు కట్టి, మల్లెపూలు ముడిచి వచ్చిన బాలికలు చూడముచ్చటగా నుందురు. ఇంత ముచ్చటైన దానిలో లోపమెన్నుట కొందరికి రుచింపకపోవచ్చును. అయినను వేదికపై మనము చూపుచున్నదానిలో కుమ్మికి ప్రాణమైన భాగము లేదనియు, ఆ లేని భాగమే ఈ సీమలో మన తెలుగునకు మిక్కిలి అవసరమైనదనియు నా అభిప్రాయము. దానిని మన విద్యార్థినీ విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను ఉంచుచున్నాను.

వేదికమీది కుమ్మిని కొంచెము పరిశీలింపుడు. పాట ఎక్కడనుండియో తెచ్చిన రికార్డు. అది లౌడుస్పీకరులో మ్రోగుచుండును. బాలికలు రెండు వరుసలుగ నిలిచి, మొగములు సభవైపు త్రిప్పి, ఆ పాటకు తగినట్లు చేతులు కదలింతురు. చప్పట్లు చరతురు గాని, ఆ చప్పుడు మనకు వినబడదు. రికార్డులోని తబలా దానిని మ్రింగివేయును. పెదవులు కదలునో లేదో చూచువారికి తెలియదు, తెలియవలసిన పనియు లేదు. పది నిమిషములైన పిదప తెర పడును. ఇంటికి పోయిన బాలికను ఆ పాట పాడుమనిన మొదటి చరణము దాటి రాదు.

ఇక కోవిల్పట్టి, ఎట్టయపురము, సాత్తూరు చుట్టుపట్ల నల్లరేగడి పల్లెలలో ఆడువారు తమకై తాము తట్టు కుమ్మి యెట్లుండును? నడుమ ఒక దీపమో, పూలపళ్లెమో, మొలకల కుండలో ఉండును. దానిచుట్టు వలయముగ నిలుతురు. లోపలికి వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట, ఒక అడుగు ప్రక్కకు, మరల వంగుట. మద్దెల లేదు, తాళము లేదు, శ్రుతిపెట్టె లేదు. అరచేతులే తాళము. ఒకతె పాట ఎత్తుకొనును, తక్కినవారందరు అందుకొందురు. పాట ముదిరినకొలది నడక వడియగును. ముగియువేళకు నాలుక త్రిప్పుచు కులవ వేయుదురు. ఆ ధ్వని ఊరి పొలిమేర దాక పోవును. పూలపళ్లెములు పట్టి ఆడునది, దీపములు పట్టి ఆడునది, పంటవెన్నులు పట్టి ఆడునది, కులవతో ఆడునది అని దీనికి పలు భేదములు కలవు.

ఇందులో నా కన్నిటికంటె ముఖ్యముగ తోచున దొకటి. వలయములో నిలిచిన ప్రతి స్త్రీ మొగమును లోపలికే తిరిగియుండును. బయట నిలిచి చూచువానికి వీపులు తప్ప కనబడవు. ఆ ఆటను కట్టినవారు చూచువానిని లెక్కలోనికి తీసికొనలేదన్నమాట! వలయములో ఉన్నవారు పాడవలెను, తట్టవలెను. నోరు మూసికొని నిలుచుటకు అక్కడ చోటు లేదు. అవ్వ ప్రక్కన నిలిచిన ఆరేండ్ల పిల్ల మొదటి ఏడు చరణాంతమందలి ఒక్క మాటను పట్టుకొనును, మరుసటి ఏడు చరణమంతయు పట్టుకొనును. పదునైదేండ్లు వచ్చునప్పటికి తానే ఎత్తుకొనును. పలక లేదు, పంతులు లేడు, పరీక్ష లేదు. అక్షరము రాని ఇండ్లలో తెలుగు తరతరములుగ నిలుచుటకు ఈ పద్ధతి చేసిన మేలు కొంచెము గాదు.

ఇంతకు కుమ్మి మనదా, తమిళులదా అని కొందరు వాదింతురు. ఆ వాదము నాకు నచ్చదు. ఈ జిల్లాల మారియమ్మ ఉత్సవములలో ముళైప్పారి యెత్తు ఆచారము మీరందరెరిగినదే. కుండలలోనో, ఓటి పాత్రలలోనో మన్ను, ఎరువు నింపి నవధాన్యములు చల్లి, ఎండ తగులని గదిలో నుంచి నీరు పోసి పెంతురు. మొలకలు పసుపువన్నెతో జానెడెత్తు పెరుగువరకు రాత్రులందు వానిచుట్టు కుమ్మి తట్టి, తుదినాడు ఊరేగించి చెరువులోనో బావిలోనో కలుపుదురు. విత్తనపు బలము నెరుగుటకే ఈ ఆచారము పుట్టినదని సేద్యగాండ్రు చెప్పుదురు. అది నిజమైనను గాకున్నను చక్కని మాట. ఆ వలయములో తమిళపు ఇంటి కోడలును ఉండును, తెలుగింటి ఆడపడుచును ఉండును. ఒక పాట తమిళము, ఒక పాట తెలుగు; ఒక్కొక్కప్పుడు ఒకే పాటలో రెండును కలిసియుండును. దీనిని పంచుకొనుటకు కొలబద్ద తేవలసిన పని లేదు.

తెలుగుదేశమునందు దీనికి తోబుట్టువైనది గొబ్బి. ధనుర్మాసమున ముంగిట ముగ్గు పెట్టి, పేడతో గొబ్బెమ్మలు చేసి, గుమ్మడిపూవు గ్రుచ్చి, బాలికలు చుట్టును తిరిగి చప్పట్లు చరచుచు పాడుదురు. మన కోవిల్పట్టి వీధులలో మార్గళి మాసపు ముగ్గులందు పేడముద్దమీద నిలుచు గుమ్మడిపూవు ఆ పూవే గదా! పదమూడవ శతాబ్దపువాడని చెప్పబడు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున నాటి జనుల పాటలను పేర్కొనుచు గొబ్బి పదములను కూడ చెప్పినాడు. పదునైదవ శతాబ్దమున తాళ్లపాక అన్నమాచార్యుడు వేంకటేశ్వరునిపై గొబ్బి పాటలు రచించినాడు. 1529 ప్రాంతమున మధుర నాయకరాజ్యమేర్పడి, పిదప డెబ్బదిరెండు పాళెముల వ్యవస్థ నెలకొన్న కాలములో మన పూర్వులలో పలువురు ఈ నేలకు వచ్చి నిలిచిరి. గొబ్బియే ఇక్కడ కుమ్మి యైనదని నేననను. వలయము, చప్పట, ఎత్తుగడ, అందుకొనుట అను నాలుగును రెండింటికిని సమానము. తెలంగాణమున బతుకమ్మకును, కేరళమున కైకొట్టికళికిని ఇవి చాలవరకు సమానమే.

బతుకమ్మ యనగానే ఒక ప్రశ్న వచ్చును. అచ్చట 2014లో దానిని రాష్ట్రపు పండుగగ ప్రకటించిరి. వేలకొలది స్త్రీలు ఒకే మైదానమున ఆడుచున్నారు. గుజరాతువారి గర్బా నృత్యము, అదియు దీపము చుట్టు తిరుగునదే, 2023 డిసెంబరులో యునెస్కో వారి వారసత్వ పట్టికకెక్కినది. మరి మనమును అట్లే పెద్ద వేదికలు, లౌడుస్పీకర్లు పెట్టి కుమ్మిని పెద్దది చేసిన తప్పేమి? తప్పు లేదు గాని, ఒక భేదము గమనింపవలెను. నగరములలోని గర్బాలో పెక్కుచోట్ల పాట వేదికమీది గాయకులది, అడుగు మాత్రమే జనులది. బతుకమ్మ ఆటలోనికిని రికార్డు పాటలు చొరబడినవి. అయినను అక్కడివారి భాషకు వచ్చు ముప్పు లేదు. హైదరాబాదులో బతుకమ్మ పాట మరచిన బాలికకు కచేరీలో తెలుగు, బస్సుమీద తెలుగు, వార్తాపత్రికలో తెలుగు, సినిమాలో తెలుగు. పాట పోయిన ఒక పాటయే పోవును. కోవిల్పట్టి బాలికకు ఇంటి గడప దాటిన తరువాత తెలుగు వినబడు చోట్లు ఎన్ని? వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. వానిలో కుమ్మి వలయమొకటి. అందుచేత వారు పోగొట్టుకొని భరింపగలిగినది మనము భరింపలేము.

ఇదే మాటను మన ప్రాంతపు దేవరాట్టముతో పోల్చి చూడుడు. కంబళమువారి మగవారు తలపాగలు చుట్టి, చేత రుమాళ్లు పట్టి, ఉరుమి వాద్యమున కనుగుణముగ ఆడు ఈ ఆట నేడు ఊరు దాటి, కులము దాటి, కళాశాలల వేదికలకెక్కినది. ప్రభుత్వోత్సవములలో స్థానము పొందినది. ఎంతయో సంతోషము. కాని దేవరాట్టమునకు పాట లేదు. ఉరుమి దెబ్బకు భాష లేదు. కావున దానిని తమిళ బాలుడాడినను, మలయాళ బాలుడాడినను, ఢిల్లీలో ఆడినను ఆటకు కొరత రాదు. కుమ్మి అట్టిది గాదు. కుమ్మినుండి పాటను తీసివేసిన మిగులునది వంగుట, లేచుట, అది కసరత్తు. పురుషుల ఆటను వేదికకెక్కించిన తీరుననే స్త్రీల ఆటను కూడ ఎక్కింపవచ్చునని తలచుటలోనే పొరపాటు దొరలినది.

అసలు మన ప్రాంతమున తెలుగు గ్రంథస్థము కాలేదని యెవరనగలరు? శాస్త్రీయ సంగీతమునకు నిధి యని పేరొందిన సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో అచ్చయినది మన ఎట్టయపురముననే, తెలుగు లిపిలోనే. జమీందారుల ఆదరణ, పండితుల పట్టుదల ఉండుటచే కృతులు, గమకములు, చిహ్నములతో సహా కాగితముమీదికి వచ్చినవి. ఆ కోటకు కూతవేటు దూరములోని ముంగిళ్లలో అవ్వలు పాడిన పాటలకు అట్టి భాగ్యము పట్టలేదు. ఆంధ్రదేశమున బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై పరిశోధించి గ్రంథము వెలువరించిరి. మన తిరునెల్వేలి సీమలోనే నా. వానమామలైగారు తమిళ జానపద గీతములను సేకరించి అచ్చు వేయించిరి. ఈ రెండు కృషులకు నడుమ, తమిళదేశమందలి తెలుగువారి ఆడపాట చాలవరకు ఎవరి చేతికిని చిక్కక మిగిలినది.

కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున తెలుగింట పుట్టిన కీ. రాజనారాయణన్‌గారు (1923–2021) తమ నవల గోపల్ల గ్రామమున మనవారి వలసకథను చెప్పిరి. దాని తరువాయియైన గోపల్లపురత్తు మక్కళ్ 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి నందినది. ఆ వలసకథ నవలలో ఒక పండుముదుసలి నోట వెలువడుట గమనింపదగినది. మన చరిత్ర పుస్తకములలో లేదు, అవ్వల నోళ్లలో ఉన్నది. ఆయన తమిళమున వ్రాసెను గనుక ఆ కథ తమిళ సాహిత్యమునకు సొమ్మైనది. అందుకాయనను తప్పుపట్టుట తగదు. మన అవ్వల నోటిమాటను తెలుగులో పట్టుకొనుటకు మనలో ఎందరు కలము పట్టిరి?

ఎట్టయపురపు మరియొక బిడ్డడు సుబ్రహ్మణ్య భారతి స్త్రీల విడుదలను గూర్చి చెప్పదలచినపుడు ఎన్నుకొన్న మట్టు కుమ్మి. పెణ్‌గళ్ విడుదలై కుమ్మి యని దానికి పేరే పెట్టినాడు. ఆడువారి సొంతమైన మట్టులో చెప్పిన మాట ఆడువారి నోట నిలుచునని ఆ మహాకవి యెరుగును. కుమ్మి పాతకాలపు ముచ్చట, చదువుకొన్నవారికి తగదు అనువారు ఈ సంగతిని కొంచెము ఆలోచింపవలెను.

అట్లనువారు కలరు. "మా అమ్మాయి ఇంజనీరు చదువునకు పోవలసినది, వీధిలో వంగి చప్పట్లు కొట్టునా?" అని తల్లులే అందురు. వేదికపై, పట్టుపావడతో, ఫోటో తీయించుకొనుటకైన ఒప్పుకొందురు. వీధిలో అవ్వల సరసన అయిన ఒప్పుకొనరు. ఇంకొకవైపు, వీధిలో ఆడుటకు తీరికయు తగ్గినది. అగ్గిపెట్టెల పనిలో పగలంతయు గడపి వచ్చిన స్త్రీకి సాయంకాలము వంట, నీళ్లు, పిల్లలు. మిగిలిన గంట టెలివిజన్‌ది. ఆమెను నిందింప నాకు నోరు రాదు.

మరియొక చిక్కు కలదు. దీనిని దాచుట మంచిది గాదు. మన పల్లెలలో కుమ్మి విస్తారముగ జరుగు సందర్భములలో ఒకటి బాలిక ఈడేరిన వేడుక. పీటపై కూర్చుండబెట్టి చుట్టును కుమ్మి తట్టుదురు. ఇప్పుడది కల్యాణమండపములకెక్కి, వీధిమొగలో బాలిక నిలువెత్తు చిత్రపటము కట్టువరకు వచ్చినది. బడికి పోవు పిల్ల మరునాడు తోడివారి మొగము చూడలేకపోవుచున్నది. ఆ వేడుక సన్నగిలిన నాకు రవంతయు విచారము లేదు. అయితే ఆ వేడుకను వదలువారు దానితోబాటు పాటలను కూడ వదలుచున్నారు. అక్కడ పాడు పాటలలో ఆ తంతుతో పొత్తు లేనివి చాల కలవు. పెండ్లిలోను, పొంగలినాడును, బడిలోను నిస్సంకోచముగ పాడదగినవి. పీటను తీసివేయుడు, పాటను ఉంచుడు.

వలయమున ఎవరెవరు నిలువవచ్చును అను ప్రశ్న ఇంకను కఠినమైనది. ఈ రెండు జిల్లాలలో తెలుగు ఒక్క కులమువారి ఇంటిభాష గాదు. కమ్మవారు, కంబళమువారు, రెడ్లు, రాజపాళయపు రాజులు, అరుంధతీయులు, ఇంకను పలువురు ఇంట తెలుగు మాటలాడుదురు. భాషాల్పసంఖ్యాకులమని చెప్పుకొనునపుడు వీరందరిని కలిపి లెక్కింతుము. కుమ్మికి వచ్చునప్పటికి ఎవరి వీధి వారిది, ఎవరి వలయము వారిది. చీపురు పట్టి మన వీధులూడ్చు అరుంధతీయ స్త్రీ నోట ఉన్న తెలుగు పాటను ఏ సంస్కృతి సంఘమువారైనను అడిగి వ్రాసికొనిరా? పల్లె వీధులలో ఈ అడ్డుగోడ ఎప్పుడు కూలునో నేను చెప్పజాలను. బడి ఆవరణలో మాత్రము అది ఒక్కదినమైనను నిలువరాదు. అన్ని ఇండ్ల బాలికలును ఒకే వలయమున చేయి కలుపుటకు, ఒకతె ఇంటిపాటను మరియొకతె అందుకొనుటకు ఈ సీమలో బడికి మించిన చోటు లేదు. ఇది యొక్కటి జరిగిన, కుమ్మి పూర్వముకంటె గొప్పదగును.

చట్టముల మాట యొకటి. 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణవలన 350అ అను అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింప ప్రయత్నింపవలెనని అది రాష్ట్రములకు చెప్పుచున్నది. 2006లో మన రాష్ట్రమున వచ్చిన చట్టము తమిళమును అన్ని పాఠశాలలలో క్రమముగ తప్పనిసరి చేసినది. ఈ నేలపై బ్రదుకువారు తమిళము బాగుగ నేర్వవలసినదే. అందులో నాకు సందేహము లేదు. న్యాయస్థానములలో తెలుగు కొరకు వాదించువారు వాదింపనిండు. కాని కాలనిర్ణయ పట్టికలో తెలుగునకు ఎన్ని గంటలు దొరకినను, ఆ గంటలలో నేర్చునది అక్షరము. అక్షరమునకు వెలుపల, మాట నోటిలో ఆడుటకు మరొక చోటు కావలెను.

ఇక బడి చేయగలిగినది చెప్పెదను. వార్షికోత్సవమున కుమ్మిని వేదికనుండి దింపి మైదానములోనికి తేవలెను. నడుమ దీపము, చుట్టును వలయము, రికార్డు వలదు. మూడు పాటలు చాలును. వానిని ఎత్తుకొనువారు ఊరి అవ్వలు, అందుకొనువారు బాలికలు. తల్లులు కుర్చీలలో నుండక వలయములోనికి రావలెను. మొదటి సంవత్సరము తడబాటుగనే యుండును; పాట తెగును, నవ్వులు వచ్చును. రానిండు. బాలురు "మేమేమి చేయవలెను?" అని అడుగుదురు. ఒయిలాట్టము, ఒయిల్ కుమ్మి మగవారివే యని వారికి తెలియకపోవచ్చును. అంతకంటె ముఖ్యమైన పని కూడ వారికి కలదు: వ్రాయుట.

సెలవులలో ప్రతి విద్యార్థియు తన అవ్వనో, ఇరుగుపొరుగు ముసలమ్మనో ఆశ్రయించి ఒక్క పాట వ్రాసికొని రావలెను. సెల్‌ఫోనులో పట్టుకొనిన మరియు మంచిది. ఆమెను ముందుగ అడిగి పట్టుకొనవలెను. వ్రాయునపుడు దిద్దరాదు. పాఠ్యపుస్తకము అన్నమనును, అవ్వ కూడు అనును. మన అవ్వ నోట కూడు అనుమాటలో చిన్నతనము లేదు. అది ఆమె తెచ్చుకొన్న పాత తెలుగు. నడుమ తమిళపు మాట వచ్చిన దానిని తెలుగు అక్షరములలో అట్లే వ్రాయవలెను. అర్థము తెలియని మాట వచ్చిన క్రింద గీత గీసి, ఆమె చెప్పిన అర్థమును ప్రక్కన వ్రాయవలెను. ఆమెకును తెలియనిచో తెలియదనియే వ్రాయవలెను. మొరటు పాట అని పెండ్లి ఎకసెక్కెములను వదలివేయరాదు. అచ్చు వేయదగునా లేదా యని పెద్దలు తరువాత చూచుకొందురు. వ్రాసికొనుటకు మాత్రము సిగ్గు వలదు. పాట చివర ఊరి పేరు, ఏ సందర్భమున పాడుదురు, తేది ఇవి ఉండవలెను. ఆమె ఒప్పుకొనిన ఆమె పేరును.

కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించినపుడు మనమెంత పొంగిపోతిమి! బెల్లపు పాకము పాళ్లు ఎవరో శ్రద్ధగ వ్రాసి పెట్టిరి గనుకనే అది సాధ్యమైనది. ముప్పది మంది పిల్లలు తలకొక పాట తెచ్చిన ఒక చిన్న పుస్తకమగును. పాడగలిగిన అవ్వలలో చాలమంది ఎనుబదేండ్లు దాటినవారు. ఈ పత్రిక సంపాదకులు వచ్చు సంచికలో నాలుగు పుటలు వానికి విడిచిన, మొదటి నాలుగు పాటలు పొంగలికి ముందే అచ్చులో చూడవచ్చును.